రెండుసార్లు నొక్కిన చెయ్యి

ఇన్నేళ్లుగా ఎవరైనా నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేద్దామంటే నాకు భయం. ఏదో వంక పెట్టి లేచిపోతాను. నర్సు కదా, శుభ్రం ఎక్కువ, అదో చాదస్తం అని మా సంఘంలో సరిపెట్టుకుంటారు. అది కాదు. ఈ చేత్తోనే నేనొక మనిషి నోరు నొక్కేశాను. ఆ బరువుతోనే పాటలు పాడాను, పెళ్లిళ్లలో నవ్వాను, పిల్లలకు నీతులు చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందు నేను చాలా మంచిదాన్ని.

ఎనభైల మొదట్లో సంగతి. మేము అమెరికాలో, షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉండేవాళ్లం. పగటిపూట నేను మిసెస్ కార్వర్ అనే పెద్దావిడ ఇంట్లో నర్సుగా చేసేదాన్ని. ఆవిడ భర్త అప్పటికే పోయారు. ఆయనకు బొమ్మలు కొనే పిచ్చి. ఆ ఇంట్లో గోడ కనబడాలంటే వెతుక్కోవాలి. అన్నిట్లోకీ ఆవిడ మంచానికి ఎదురుగా ఉన్నదొక్కటే నన్ను ఇబ్బంది పెట్టేది. ఇంగ్లండ్ చిత్రకారుడొకాయన బొగ్గుతో గీసింది. ఒంటిమీద నూలుపోగు లేని అమ్మాయి కుర్చీలో పక్కకి తిరిగి, మోకాలి మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంటుంది. దాన్ని కళ అంటారని నాకూ తెలుసు. తెలిసినా, దానికి వీపు పెట్టే మందులు కలిపేదాన్ని.

అది తనేనని ఒకరోజు ఆవిడే చెప్పింది. పెళ్లికి ముందు లండన్‌లో ఉన్నప్పుడు గీశారట. ఎన్నో ఏళ్ల తర్వాత భర్త ఎక్కడో చూసి, కొని తెచ్చారట. ఈ ఇంట్లో నాది అనదగ్గది ఇదొక్కటే, మిగతావన్నీ ఆయనవి అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆవిడ పడని సిగ్గు కూడా నేనే పడ్డాను.

తర్వాత ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. కుడివైపు పడిపోయింది. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎడమ చెయ్యి నా చేతిలో పెట్టి, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు నొక్కమని నేనే నేర్పాను. కిటికీ తీయమన్నా, సూప్ వద్దన్నా ఆ చెయ్యే చెప్పేది. ఇంట్లో అందరికీ దాని అర్థం చెప్పేది నేను.

మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడేది. జబ్బుపడ్డవాళ్ల ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి రావడం మనవాళ్ల అలవాటు. మా పేషెంట్ కోసం కూడా వస్తామన్నారు. వేరే ఊళ్లో ఉండే ఆవిడ కూతురిని ఫోన్‌లో అడిగితే రమ్మంది. వాళ్లు వచ్చేలోగా ఆ బొమ్మ మీద బాత్ టవల్ కప్పాను. ప్రార్థన మధ్యలో అది కాస్తా జారి పడింది. పాస్టరమ్మగారు దాన్ని చూశారు. కార్ దగ్గరికి వెళ్లాక అన్నారు.

"ఏమ్మా, రోజూ దాని ఎదురుగానే కూర్చుని బైబిల్ చదువుతున్నావా? ఆవిడంటే మంచం మీదుంది, పాపం. నువ్వన్నా చెప్పి రిమూవ్ చేయించొచ్చు కదా. ప్రే చెయ్యి, ఆయనే దారి చూపిస్తాడు."

ప్రే చేశాను. మోకాళ్ల మీద నిలబడి మరీ అడిగాను. ఆవిడ ఆత్మ కోసం అడిగానా, సంఘంలో నా పేరు కోసం అడిగానా? అప్పుడు ఆ రెండూ నాకు ఒకటే అనిపించాయి.

ఆ చలికాలం కూతురు వచ్చింది. బొమ్మలన్నీ న్యూయార్క్‌లో వేలానికి పంపాలనుకుంది. చెడ్డ మనిషి కాదు. తల్లి మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపించి అడిగింది. ఆవిడ అన్నిటికీ ఒకసారే నొక్కింది, నేను అలాగే చెప్పాను. చివరికి మంచం ఎదురుగా ఉన్న ఆ బొమ్మ మిగిలింది. ఆ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. ఎందుకో నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"అమ్మా, ఇది కూడా పంపేయనా? వద్దంటే ఉంచేస్తాను, ఎవరడిగినా ఇవ్వను."

నా చేతిలో ఆవిడ వేళ్లు బిగిశాయి. వదిలాయి. మళ్లీ బిగిశాయి, ఈసారి ఇంకా గట్టిగా.

"ఏమంది?"

"సరే అంది."

"నిజంగానా? వద్దంటుందనుకున్నాను."

"ఒక్కసారే నొక్కింది."

కూతురు తల్లి నుదురు ముద్దుపెట్టుకుని లేచింది. మిసెస్ కార్వర్ బొమ్మ వైపు చూడలేదు. నా వైపే చూసింది. కోపంగా చూసినా బాగుండేది. పొరపాటు పడ్డానేమో, సరిదిద్దుతానేమో అని కనిపెట్టుకుని చూసింది.

ఆ తర్వాతి ఆదివారం నేను సంఘంలో సాక్ష్యం చెప్పాను. ఆ గదిలోంచి అపవిత్రమైనదాన్ని దేవుడు తీసివేశాడని, నా ప్రార్థన విన్నాడని మైక్ పట్టుకుని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. వేలానికి ఇంకా చాలా రోజులుంది. ఒక్క ఫోన్ చేస్తే బొమ్మ వెనక్కి వచ్చేది. ఫోన్ దాకా వెళ్లి ఎన్నిసార్లు తిరిగొచ్చానో. కూతురికి అబద్ధం చెప్పానని ఒప్పుకోగలిగేదాన్నేమో గాని, దేవుడు చేశాడని సాక్ష్యం చెప్పాక, కాదు నేనే చేశానని సంఘంలో ఏ మొహంతో చెప్పను? అలా రోజులు జరుపుతుండగానే బొమ్మ అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో ఇప్పటికీ తెలియదు.

మిసెస్ కార్వర్ మళ్లీ నా చెయ్యి నొక్కలేదు. వేళ్లు పట్టుకుంటే పిడికిలి బిగించేది. డాక్టర్ వచ్చి ఏవేవో అడిగి చూశాడు. ఆయనక్కూడా జవాబివ్వలేదు. ఇక ఆవిడకు మనం చెప్పేదేదీ అర్థం కావడం లేదు అన్నాడు. కూతురు ఏడ్చింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నిలబడ్డాను. ఆవిడకు అన్నీ అర్థమవుతున్నాయని ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. ఆ తర్వాత ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు. కిటికీ తీయాలా అని కూడా అడగలేదు. మేమే తీశాం, మేమే వేశాం. వేసవి రాకముందే ఆవిడ పోయింది.

కూతురు కూడా ఇప్పుడు లేదు. క్షమించమని దేవుణ్ణి అడగొచ్చు కదా అంటారేమో. అడుగుతూనే ఉన్నాను. కానీ నా అబద్ధానికి ఆయన పేరు పెట్టింది నేనే. నాకు జవాబు రాదు, రావాలనే ఆశ కూడా పోయింది. మీరు నన్ను క్షమించక్కర్లేదు, అర్థం చేసుకోనూ అక్కర్లేదు. అప్పగించాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది, అది వినండి చాలు.

ఆవిడ వద్దంది.