ఎండాకాలంలో హీటర్

నిన్న సుబేదారిలోని షెడ్డులో మా కారుకు కూలెంట్ మార్చాక, మెకానిక్ ఒకసారి హీటర్ వేసి చూశాడు. వేడిగాలి ముఖానికి కొట్టగానే నా చెయ్యి దానంతటదే పక్క సీటును తడిమింది.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా, డిక్కీలో ఎప్పుడూ ఒక నీళ్ళ క్యాను ఉండేది? మా బాపు రోజూ పొద్దున్నే రేడియేటర్ మూత తీసి నీళ్ళు చూసేవాడు. నాయనమ్మకు గుండెనొప్పి వచ్చిన రోజు మాత్రం ఆ తీరిక లేదు. నర్సంపేట నుంచి వరంగల్ దవాఖానకు బయలుదేరాం. నడి ఎండాకాలం. సగం దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేచింది.

బాపు అద్దాలన్నీ దించమని చెప్పి, హీటర్ ఫుల్లుగా తిప్పాడు.

"అత్తమ్మకు పాణం మీదికొస్తే ఈ ఎండల హీటరేంది?" అని అమ్మ ఏడ్చింది.

"ఆపి నీళ్ళు పోద్దామంటే ఇంజన్ చల్లారేదాంక మూత తియ్యరాదు. హీటర్ ఏస్తే వేడి బయటికి గుంజుతది. జర ఓర్చుకోండ్రి."

కారు కొలిమి అయింది. కాలుతున్న రెక్సిన్ సీటు తొడలకు అంటుకుపోయింది. వెనక సీట్లో నాయనమ్మను ఆనుకుని నేను ముల్లునే చూస్తున్నాను. అది ఎర్రగీతను తాకితే నాయనమ్మ చచ్చిపోతుందని ఎవరూ చెప్పకుండానే నమ్మేశాను. రెప్ప వేయడానికి కూడా భయమేసింది.

ముల్లు మెల్లగా వెనక్కి జారింది.

"దిగింది బాపూ!" అని అరిచి, సంతోషంతో నాయనమ్మ చెయ్యి పట్టుకున్నాను.

అందరం చెమటతో తడిసిపోయిన ఆ కారులో, ఆమె చెయ్యి ఒక్కటే చల్లగా ఉంది.