గోల్‌కీపర్ కనుబొమ్మ మీద గాటు

1997, నాట్లు మొదలైన రోజులు. పాలకొల్లు బస్టాండు ఎదురుగా నా ఫొటో స్టూడియో. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ కుదరక బడి మానేసి, పెదనాన్న దగ్గర ఈ పని నేర్చుకున్నాను. నేను మానేసినందుకు మా ఇంట్లో ఏడ్చారు గానీ మాస్టారు మాత్రం కులాసాగానే ఉన్నారని విన్నాను.

మా పనిలో అసలు విద్య ఫొటో తీయడం కాదు, టచింగ్. నెగెటివ్‌ను అద్దం మీద పెట్టి, కింద లైటు వేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దిద్దుతాం. నెగెటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారు కాబట్టి పెన్సిల్ పెట్టిన చోటు ఫొటోలో తెల్లబడుతుంది. మొటిమలు, గాట్లు, కళ్ళ కింద నలుపు అన్నీ మాయం. నా దగ్గర పెళ్ళిచూపుల ఫొటో తీయించుకున్నవాళ్ళు తర్వాత రోడ్డు మీద కనిపిస్తే నేనే గుర్తుపట్టేవాణ్ణి కాదు.

ఆ విద్యతోనే ఒక పాపం కూడా చేశాను. అంతకు మూడేళ్ళ ముందు ఒక ఏజెంటు ఇరవై రెండేళ్ళ పిల్లను తెచ్చి, కువైట్‌లో ఇంటిపనికి వయసు చాలదట, కాస్త పెద్దదానిలా చూపించమన్నాడు. చెంపల దగ్గర జుట్టు మీద నాలుగు పెన్సిల్ గీతలు గీశాను. ఫొటోలో తల నెరిసింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆ పిల్ల వెళ్ళిన ఏడాదికి వాళ్ళమ్మ నా స్టూడియోకి వచ్చి, ఉత్తరం ముక్క లేదని ఏడ్చి, కూతురి ఫొటో ఇంకో కాపీ అడిగింది. నెరిసిన జుట్టుతో ఉన్న ఫొటోను ఆవిడ చేతిలో ఎలా పెట్టను? నెగెటివ్ పోయిందని అబద్ధం చెప్పాను. అప్పటి నుంచీ పాస్‌పోర్టు ఫొటో అని ఎవరన్నా సరే, నాకు ముందు అనుమానమే వచ్చేది.

ఆ రోజు మధ్యాహ్నం సఫారీ సూటులో ఒకాయన, వెనకాల పదిహేడు పద్దెనిమిదేళ్ళ అమ్మాయి వచ్చారు.

“పాస్‌పోర్టు ఫొటోలండి. సాయంత్రం బస్సుకి కావాలి.”

“ఏ దేశమండీ?” అన్నాను, గుమ్మంలోనే.

“ఇండియా జూనియర్ అమ్మాయిల ఫుట్‌బాల్ టీములోకి తీసుకున్నారండి. బయటి దేశాలవాళ్ళతో పోటీలు. మా సత్యవేణి గోల్‌కీపరు. నేను ఈ పిల్ల చదివిన స్కూల్లో డ్రిల్లు మాస్టారినండి.”

“ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారాండీ?”

“ఆడటమేంటండీ, తొక్కేస్తారు! ఆ కనుబొమ్మ పైన చూడండి, బూటు తగిలి ఎలా నల్లటి గాటు పడిందో.”

“మా వీధి కుళాయి దగ్గర కూడా తొక్కేసుకుంటారండి. వాళ్ళకి ఇంతవరకూ పాస్‌పోర్టు అవసరం పడలేదు.”

ఆయన నవ్వలేదు. నవ్వనివాణ్ణి నేను ఇంకా ఎక్కువ అనుమానిస్తాను.

“పిల్ల అమ్మానాన్నా రాలేదేంటండీ?”

“నరసాపురం అవతలండి వాళ్ళది. నాట్లు కదండీ, కదల్లేరు. సంతకాలన్నీ పెట్టించేశాను.” సంచిలోంచి నింపిన ఫారం తీసి చూపించాడు. “ఒక్క మాటండి. టచింగ్ చెయ్యకండి. గుర్తుల దగ్గర కనుబొమ్మ మీది గాటే రాశాం.”

చుట్టం కాని మగవాడు, మాట్లాడని పిల్ల, ముందే పెట్టించిన సంతకాలు. పైగా మా ఊళ్ళో ఎవరూ చూడని ఆట. ఏజెంట్లు కొత్త కథలు నేర్చారనుకున్నాను.

ఆ పిల్లను కర్టెన్ వెనక స్టూలు మీద కూర్చోబెట్టాను. గడ్డం ఎత్తమన్నాను, రెప్ప వెయ్యద్దన్నాను. చెప్పినట్టే చేసింది. అంత నిబ్బరంగా కూర్చున్న కస్టమరు నాకు అంతకుముందు తగల్లేదు. బాగా నేర్పి తెచ్చాడనుకున్నాను.

తీయనంటే పక్క స్టూడియోకి పోతాడు. పోలీసులకు చెబుదామంటే రుజువు లేదు. అందుకని పెన్సిల్ తీశాను. ఫారంలో గాటుంది, ఫొటోలో ఉండదు. విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు వాళ్ళు కాగితాలు తిప్పి పంపుతారు. ఈలోగా అసలు సంగతి బయటపడి పిల్ల బతికిపోతుంది. కనుబొమ్మ పైన నల్లగా పడిన గాటును చుక్క చుక్కగా చర్మంలో కలిపేశాను. నా సర్వీసులో అంత శ్రద్ధగా చేసిన టచింగ్ అదే. బస్సు హారన్ కొట్టేదాకా ప్రింట్లు ఆరలేదని ఆపి, కవరు చేతిలో పెట్టాను. ఆయన విప్పి చూడకుండానే పరిగెత్తాడు.

పదిహేను రోజులకు మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట సత్యవేణి తండ్రి, ఒక రైతు, ఉన్నాడు.

“గాటేదండీ?” మాస్టారు ఫొటో బల్ల మీద పెట్టాడు. “ఫారంలో రాసిన పిల్లా ఫొటోలో పిల్లా ఒకటేనా అని అడుగుతున్నారక్కడ. టీము బయల్దేరడానికి వారం లేదు.”

నేను రైతు వంక చూశాను. “మీ అమ్మాయిని ఎక్కడికి పంపిస్తున్నారో తెలుసాండీ?”

“తెలకపోవడమేంటండీ? క్యాంపుకి నేనే దింపొచ్చాను. రేడియోలో చెబుతారేమో వినమని ఊరందరికీ చెప్పుకున్నానండి.”

గాటు చెరిపింది నేనేననీ, కావాలనే చెరిపాననీ ఒప్పుకున్నాను. కువైట్ పిల్ల సంగతి కూడా చెప్పాను.

“అంటే నన్ను బ్రోకరనుకున్నారా?” అన్నాడు మాస్టారు బెంచీ మీద కూలబడుతూ.

“అనుకున్నానండి.”

టర్పెంటైన్‌లో ముంచిన దూదితో నెగెటివ్ మీది పెన్సిలంతా తుడిచాను. గంటలో కొత్త ప్రింట్లు ఇచ్చాను. గాటు స్పష్టంగా ఉంది. ఈసారి ఆయన ఒక్కొక్క ఫొటో వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. ఇప్పుడు అనుమానించడం ఆయన వంతు.

పాస్‌పోర్టు వచ్చేసరికి టీము విమానం ఎక్కేసింది. సత్యవేణి బదులు ఇంకో అమ్మాయి గోల్‌లో నిలబడింది. మనవాళ్ళు ఓడిపోయారని పేపర్లో రెండు లైన్లు వచ్చాయి. మళ్ళీ పోటీలు జరిగేనాటికి సత్యవేణికి జూనియర్ టీముకి వయసు మించిపోతుందని మాస్టారు చెప్పాడు.

ఆ దసరా సెలవుల్లో ఆ అమ్మాయి కాలేజీ కార్డుకు ఫొటో కావాలని ఒంటరిగా వచ్చింది. ఊళ్ళో ఇన్ని స్టూడియోలుండగా నా దగ్గరికే ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. స్టూలు మీద కూర్చుంది. నేను కెమెరా వెనక తల దాచుకుని, “తప్పయిపోయిందమ్మా” అన్నాను.

“బాబాయ్ గారూ, మీరు మంచికే చేశారని నాన్న చెప్పారండి,” అంది. “కానీ కర్టెన్ వెనకాల మీరూ నేనే కదండీ ఉన్నాం. మాస్టారు బయటే ఉన్నారు. నన్నొక్క మాట అడగొచ్చు కదండీ?”

నేను మాస్టారిని అడిగాను. ఫారాన్ని అనుమానించాను. సఫారీ సూటును కూడా అనుమానించాను. ఎవరిని కాపాడుతున్నాననుకున్నానో ఆ మనిషితో మాత్రం గడ్డం ఎత్తమనడం, రెప్ప వెయ్యద్దనడం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

అనుమానం ఈ పనిలో ఉండాల్సిందే. ఇప్పటికీ నాకు పాస్‌పోర్టు ఫొటో అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాకపోతే అప్పటి నుంచి, తోడొచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టి, స్టూలు మీదున్నవాళ్ళనే అడుగుతున్నాను: “ఎక్కడికమ్మా? నీకు ఇష్టమేనా?” కొందరు నవ్వుతారు, కొందరు నీకెందుకని తిడతారు. ఇద్దరు మాత్రం ఏడ్చారు. ఆ ఇద్దరికీ ఫొటో తీయలేదు.