ఇమాంబక్క మైకుకు చాలినంత కరెంటు

వేడెక్కిన దుమ్ముకు ఒక వాసన ఉంటుంది. రాగితీగ మీది పూత, ఎండకు ఎండిన గోనెపట్టా కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. మొన్న పొద్దున మా రూతు గదిలోకి అడుగుపెట్టగానే అది గుప్పుమంది. రూతు నా చిన్న కూతురు. ఆదోనిలో మా ఇంటి ముందుగదిలోనే పెళ్లి వీడియోలు కూర్చే పని చేస్తుంది. తన కంప్యూటర్‌లో బొమ్మల పనంతా చూసే గ్రాఫిక్స్ కార్డు ఒకటుంది. ఎండాకాలంలో అది పనికి దిగిందంటే ఫ్యాన్ల రొదకు పక్కన మనిషి కూర్చోలేడు. మధ్యాహ్నం మళ్లీ వెళ్లి చూస్తే పని సాగుతూనే ఉంది, రొద లేదు. ఏం చేశావమ్మా అని అడిగాను. "దానికి పోయే వోల్టేజి తగ్గించినా నాన్నా. కంపెనీవాళ్లు ఎందుకైనా మంచిదని కాస్త ఎక్కువే పెట్టి పంపుతారు. కొంచెం కొంచెంగా దించుకుంటా వచ్చినా. మరీ దించితే ఆగిపోయింది. ఒక మెట్టు పైకి జరిపినా. పని అంతే జరుగుతాంది, వేడి తగ్గింది" అంది, తానేదో కొత్త విద్య కనిపెట్టినట్టు. నాకు నవ్వొచ్చింది. ఆ విద్య నాకు నలభై ఏళ్ల కిందట ఇమాంబక్క నేర్పింది. కంప్యూటర్ అనే మాట ఆమె వినిందో లేదో కూడా నాకు తెలియదు.

ఇమాంబీ ఆదోని బజారులో మైకు సెట్టు అంగడి నడిపేది. భర్త పోయాక, ఆయన వదిలిన ఒక్క ఆంప్లిఫయర్‌నీ నాలుగు హారన్లనీ పట్టుకుని ఆమే యజమాని అయింది. దేవనకొండలో కూలికి పోయే ఇంటి నుంచి వచ్చిన నేను ఆమె దగ్గర ఆపరేటరుగా చేరేనాటికి నాకు మీసాలొచ్చి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఇమాంబక్క మనిషి సన్నగా, గొంతు గట్టిగా ఉండేది. నల్ల బురఖా మీద స్క్రూడ్రైవర్ చెక్కుకుని ఆమె బండెక్కితే బజారంతా చూసేది. చూస్తే చూడనీ అన్నట్టుండేది ఆమె.

ఆ ఆంప్లిఫయర్ వాల్వులది. వాల్వులంటే గాజుబుడ్ల లాంటివి, లోపల ఎర్రగా వెలిగేవి. పెట్టె వెనక కరెంటు తీగ బిగించడానికి మూడు చోట్లుండేవి: తక్కువ వోల్టేజి లైనుకొకటి, మామూలు లైనుకొకటి, ఎక్కువ లైనుకొకటి. లైను మామూలుగా ఉన్నా ఇమాంబక్క ఎప్పుడూ మూడోదానికే బిగించేది. అప్పుడు లోపలికి పోయే వోల్టేజి కాస్త తగ్గుతుంది. శబ్దం కూడా ఓ పిసరు తగ్గుతుంది, కాని పెట్టె చల్లగా ఉంటుంది. పక్క అంగళ్లవాళ్లు సీజనుకు ఒకసారి వాల్వులు మార్చుకుంటుంటే, మావి ఏళ్ల తరబడి అవే వెలిగేవి. "దానికి సాలినంత ఇయ్యాలప్పా యోహానూ. మన దగ్గర ఉండాది గదా అని ఉన్నదంతా పోస్తే అది పాటలు పాడదు, పాడె ఎక్కుతాది" అనేది.

వేడి చూడటానికి ఆమెకొక పద్ధతి ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించి ఖురానులోని ఫాతిహా చదివేది. చదవడం ముగిసేదాకా చెయ్యి ఉంచగలిగితే పెట్టె బాగున్నట్టు. మధ్యలో చెయ్యి లాక్కోవాల్సి వస్తే పాట ఆపేసి, పెట్టెకు విశ్రాంతి. నాకు ఫాతిహా రాదు కనుక పరలోక ప్రార్థన చదువుకోమంది. ఒకసారి పెద్దతుంబళంలో ఒక పెళ్లిలో చెయ్యి చుర్రుమంటుంటే నేను ప్రార్థనను పరుగెత్తించి ఆమెన్ అనేశాను. ఆమె పక్కనే నిలబడి వింటోంది. "దేవుని దగ్గర అంత తొందరేమప్పా నీకు? మళ్లా సదువు, నిమ్మళంగా సదువు" అంది. రెండోసారి సగంలోనే చెయ్యి తీసేశాను. పాట ఆగింది. పెళ్లివాళ్లు గొణిగారు. ఆమె విసనకర్ర తీసుకుని పెట్టెకు విసురుతూ కూర్చుంది, ఇంటికొచ్చిన చుట్టానికి విసిరినంత మర్యాదగా.

అంత జాగ్రత్త ఎందుకో ఆమె అన్న వచ్చినప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. ఆయనది ఎమ్మిగనూరు, గుడ్డల వ్యాపారం. చెల్లెలు మగవాళ్ల మధ్య మైకులు కట్టడం ఆయనకు తలవంపుగా ఉండేది. అంగడి మూసేసి తన ఇంటికి వచ్చి ఉండమని ఎప్పటినుంచో పోరు. వాళ్లిద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవారు. నేను కూడా వినాలనుకున్న మాట వచ్చినప్పుడు మాత్రం ఆమె తెలుగులోకి దిగేది. ఆ రోజు అలాగే దిగింది. "సరే భాయ్. ఈ డబ్బా కాలిపోయిన రోజు నేనే వస్తా. ఇంగో డబ్బా కొనే శక్తి నాకు ల్యాదు. అది పాడినన్ని దినాలు మాత్రం నన్ను పిలవొద్దు." ఆయన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. అది ఎంతోకాలం పాడదని ఆయన నమ్మకం. రేపు కౌతాళంలో పెండ్లి ఉంది, వచ్చి చూడమని ఆమే పిలిచింది.

కౌతాళం కాలువ కింద ఊరు. మంచి ఎండాకాలం. ముహూర్తం పొద్దునే అయిపోయింది, పగటి భోజనాలకు పందిరి నిండింది. రంగురంగుల బల్బులు పగలే వెలిగించారు, తెచ్చినవి కనపడాలిగదా! ఇమాంబక్క అన్న ఓ మూల కుర్చీలో కూర్చుని గమనిస్తున్నాడు. పెండ్లికొడుకు తండ్రి తలపాగా సర్దుకుంటూ మా దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, ఈ సౌండు మా ఎద్దులకు గూడా ఇనపడ్ల్యా. పెంచు. పక్కూరికి ఇనపడాల."

"పక్కూరోళ్లకు పత్రికలు పంచినారా అన్నా?"

"ల్యాదు."

"మరి పాట ఇని అందరూ వచ్చి బంతిలో కూకుంటే ఎవరు వడ్డిస్తారు?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. పెంచకపోతే డబ్బా సర్దుకుని పొమ్మన్నాడు, ఆదోని నుంచి వేరే మైకు పిలిపిస్తానన్నాడు. మూల నుంచి అన్న లేచొచ్చి, వాళ్లడిగినట్టు చెయ్యమని ఉర్దూలో గట్టిగా చెప్పాడు. ఆమె మాత్రం గొంతు పెంచలేదు. "యోహానూ, హారన్లు ఊరి దిక్కు సూస్తాండాయి. పందిట్లోకి తిప్పు" అంది. హారన్లు కట్టిన చెట్టెక్కి నాలుగూ తిప్పాను. పెట్టె మీద సౌండు పెంచే మీట ఎవరూ ముట్టలేదు, పాట మాత్రం పందిరంతా నిండుకుంది. పెండ్లికొడుకు తండ్రి ఏదో అనబోయి, అక్కడే ఒక పాట పూర్తిగా విని, వంటల దిక్కు వెళ్లిపోయాడు.

కాసేపటికి కాలువ గట్టు మీద నీళ్లు తోడే మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. అవి మింగుతున్న కరెంటంతా ఊరి లైను మీద పడింది. బల్బులు ముందు తెల్లగా మెరిశాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి టపటపా పేలాయి. గాజుముక్కలు విస్తళ్లలో రాలాయి. ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని లేచారు, జనం పందిరి గుంజల మీద పడుతున్నారు. నేను పెట్టె వైపు చూశాను. వాల్వులు రోజూకంటే ఎర్రగా వెలుగుతున్నాయి, కాని వెలుగుతున్నాయి. పాట ఆగలేదు. మూడో చోట బిగించిన తీగే కాపాడింది. లేకుంటే ఆ పోటుకు మా పెట్టె కూడా ఆ బల్బుల దారే పట్టేది.

ఇమాంబక్క నా చేతిలోంచి మైకు తీసుకుంది. అన్నేళ్లుగా ఊరూరా మైకు కట్టింది గాని, అందులో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "యాడున్నోళ్లు ఆడ్నే నిలబడండి. పోయినవి బల్బులే, సూర్యుడు పోలేదు. పిల్లోళ్లకు చెప్పుల్లేవు, ఎత్తుకోండి. గాజు ఊడ్సినాక మళ్లా కూకుందురు, అన్నం యాడికీ పోదు" అంది. జనం నిలబడ్డారు. ఎవరో నవ్వారు. చీపుర్లు వచ్చాయి, కొత్త విస్తళ్లు పడ్డాయి. ఒక్క పిల్లకాయకూ గాజు గుచ్చుకోలేదు.

సాయంత్రం అన్నను సాగనంపడానికి బస్సు దగ్గరికి వెళ్లాం. ఆమె బెట్టుగా రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. బస్సు వచ్చాక, మెట్టు మీద కాలు పెట్టి ఆయన వెనక్కి తిరిగాడు. నాకు అర్థం కావాలనే కాబోలు, తెలుగులోనే అన్నాడు: "రంజాన్ అయినాక మా బిడ్డ నిఖా. మైకు నువ్వే కట్టాల."

"కడతా భాయ్. సౌండు మాత్రం నేను సెప్పినంతే."

"నువ్వు సెప్పినంతే" అన్నాడాయన. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లింది. ఆమె బురఖా అంచుతో కళ్లు ఒత్తుకుని, దుమ్ము పడిందని నన్ను గదమాయించింది. నేను నమ్మినట్టే తలూపాను.

ఇమాంబక్క పోయి చాలా ఏళ్లయింది. తర్వాత నేనూ సొంతంగా అంగడి పెట్టాను, నా దగ్గర పిల్లలు పని నేర్చుకున్నారు. ఇంకొంచెం పెంచమని, ఇంకొంచెం లాగమని అడిగేవాళ్లు నా బతుకులో ఎన్నడూ కరువు కాలేదు. డబ్బున్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు, నా సొంత చుట్టాలు. వాళ్ల ముందు నిలబడి, గొంతు పెంచకుండా, మొహం చిట్లించకుండా, ఇంతే చాలు అని చెప్పగలిగాను. అలా చెప్పిన ప్రతిసారీ నాకు నా గొంతు వినపడదు. కౌతాళం పందిట్లో ఆమె గొంతే వినపడుతుంది.