కన్ను దాటని రెక్క

చేపల విషయంలో దయావతి ఎవరి మాటా వినే మనిషి కాదు. చిన్నప్పుడు ఆకివీడు మార్కెట్లో తల్లి పక్కన గంప ముందు కూర్చున్న రోజుల నుంచీ అంతే. కొర్రమీనని చెప్పి మట్టగిడసలు అంటగట్టే బేరగాళ్ళను ఆ పిల్ల నిలబెట్టి కడిగేసేది. "రంగు నీళ్ళది, ఒళ్ళు చేపది. ఒళ్ళు చూడు" అని నేర్పింది తల్లి.

ఇప్పుడామెకు యాభై మూడు. కెనడాలోని కిచెనర్‌లో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పని. వేసవి శనివారాల్లో మాత్రం ఊరి ప్రకృతి సంఘం వాళ్ళతో కలిసి చెరువులో చేపల లెక్కకు వెళుతుంది. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు వేసుకుని వల ఒక కొస పట్టుకుంటుంది. వారమంతా పొయ్యి ఆవిరిలో నిలబడే మనిషికి ఆ మూడు గంటల చన్నీళ్ళే సెలవు.

"రోజంతా చేపలు పట్టి ఒక్కటీ ఇంటికి తేని మనిషిని నిన్నే చూశాను" అంటాడు భర్త ఎలియాజరు.

"లెక్కకు పోయేది, కూరకు కాదు" అంటుంది దయావతి.

లెక్క రాసేది జయదేవ్. వరంగల్ కుర్రాడు, పీహెచ్‌డీ చేస్తున్నాడు. చేపను నీళ్ళున్న గాజు డబ్బాలో వేస్తారు, పేరు రాస్తారు, ఫొటో తీస్తారు, నిమిషంలో వదిలేస్తారు. కాగితం మీద వల పట్టినవాళ్ళలో ఒకరు సాక్షి సంతకం పెడతారు. వలలో ఎక్కువగా పడేవి సన్‌ఫిష్‌లు, అరచేయంత గుండ్రటి చేపలు. మొప్ప మూత చివర చెవిలాంటి రేకు ఒకటుంటుంది. అది మొత్తం నల్లగా ఉంటే బ్లూగిల్. అంచున ఎర్రచుక్క ఉంటే పంప్‌కిన్‌సీడ్. జయదేవ్ మెడలోని ప్లాస్టిక్ కార్డులో అలాగే ఉంది.

అయితే ఎర్రచుక్క నార్తర్న్ సన్‌ఫిష్‌కీ ఉంటుంది. చెంపల మీద నీలిగీతలూ రెండింటికీ ఉంటాయి. ఆ చేప ఇక్కడ అరుదు. దొరికితే పైవాళ్ళకు కబురు పంపాలి. దయావతి ఇప్పటికి రెండుసార్లు "ఇది నార్తర్న్" అంది. రెండుసార్లూ జయదేవ్ ఆమె మాట కొట్టేసి పంప్‌కిన్‌సీడ్ అని రాశాడు.

"ఇంకోసారి మీ మాట కార్డుతో మ్యాచ్ కాకపోతే మీకు రిజిస్ట్రేషన్ టేబుల్ ఇస్తా ఆంటీ" అన్నాడు పోయిన వారం. "చల్లటి నీళ్ళల్ల మీకెందుకు కష్టం? నేమ్ ట్యాగులు ఇచ్చుకుంట కూర్చోండి."

ఆ మాట వారమంతా ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఈ శనివారం మూడో వలలో మళ్ళీ అలాంటి చేపే వచ్చింది. జయదేవ్ డబ్బాలోకి తొంగి చూసి పెన్ను తీశాడు.

"పంప్‌కిన్‌సీడ్."

"కాదు."

"ఆంటీ, ఎర్రచుక్క కనబడుతుంది కదా."

"బొట్టు చూసి మనిషి పేరు చెబుతావా బాబూ?"

వల పట్టుకున్నవాళ్ళు ఇటు తిరిగారు. జయదేవ్ గొంతు తగ్గించాడు. "టేబుల్ గురించి చెప్పిన కదా ఆంటీ."

"చెప్పావు. విన్నాను. పెన్ను కాసేపు ఆపు."

ఆమె తడి చేతిని డబ్బాలో ముంచి చేపను మెత్తగా పట్టుకుంది. మొప్ప వెనకాలి పక్కరెక్కను బొటనవేలితో ముందుకు మడిచింది. రెక్క చిన్నది, చివర గుండ్రన. కంటిదాకా కూడా రాలేదు.

"ఇది చూశావుగా. ఇప్పుడు నీ పంప్‌కిన్‌సీడ్ ఒకటి తీసుకురా."

ఇంకా లెక్క రాయని చేపల బకెట్‌లో ఒకటి ఉంది. జయదేవ్ దాన్ని తెచ్చి తనే రెక్క మడిచాడు. పొడుగ్గా, మొనదేలి, కన్ను దాటి ముక్కు వైపు పోయింది. అతను మొదటి చేప దగ్గరకు తిరిగొచ్చి ఆ రెక్కా మడిచాడు. రాలేదు. ఇంకోసారి మడిచాడు. ఫొటోల్లో రెక్క ఎప్పుడూ వెనక్కి అతుక్కునే ఉంటుంది. అందుకే రెండుసార్లూ ఫొటోలు చూసినా అతనికి తేడా తెలియలేదు.

"హైబ్రిడ్ కావచ్చు" అన్నాడు, కాస్త పట్టుదలగానే. "ఇవి కలుస్తయి ఆంటీ."

"కావచ్చు. నీ చదువుకి అలా తోస్తే అదే రాయి. నాకు తోచింది దాని పక్కన రాయి. తేల్చేవాళ్ళు తేలుస్తారు. పంప్‌కిన్‌సీడ్ అని రాస్తే మాత్రం ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను."

నిమిషం అయిపోవచ్చింది. జయదేవ్ రెక్కను ముందుకు మడిచి ఉంచి ఫొటో తీశాడు. చేపను నీళ్ళలో వదిలి, కాగితం మీద నార్తర్న్ సన్‌ఫిష్ అని రాశాడు. పక్కన హైబ్రిడ్ అని రాసి ప్రశ్నార్థకం పెట్టాడు.

"పాతవి రెండు?" అంది దయావతి.

"అవి వదిలేసినం కదా ఆంటీ. ఇప్పుడెట్ల చెప్పగలం?"

"చేపల్ని వదిలేశాం. కాగితాలు నీ దగ్గరే ఉన్నాయిగా. నేనేమన్నానో అక్కడా రాయి."

అతను ఫైల్లో పాత కాగితాలు వెతికాడు. రెండింటి మీదా రాశాడు. ఆమె మూడు చోట్లా పూర్తి పేరుతో, ఒత్తి సంతకం చేసింది.

"మరి టేబుల్ దగ్గర ఎవరు కూర్చోవాలి?" అన్నాడు జయదేవ్, సగం నవ్వుతూ.

"నాకేం తెలుసు బాబూ" అంది దయావతి. వల కొస ముంజేతికి చుట్టుకుని లోతు వైపు నడిచింది. "నాకిక్కడ పనుంది. ఆ చివర పట్టు."