మామయ్య నిద్రపోయి చూసిన ఇళ్ళు

మా మామయ్య ఏ ఇంటినీ కళ్ళు తెరిచి చూసేవాడు కాదు. అమ్మకానికున్న ఇంట్లో ఓ గంట పడుకుని లేచాకే అది కొనొచ్చో లేదో తేల్చేవాడు. ముప్పై ఏళ్ళు గూడ్సు బండిలో గార్డుగా ఊగుతూ గడిపిన మనిషి. "గోడలూ కిటికీలూ ఎవడైనా చూస్తాడ్రా. ఇంటి గుణం నిద్రలోనే తెలుస్తుంది" అనేవాడు. చంకలో చిన్న దిండు పెట్టుకుని బయల్దేరేవాడు.

అప్పట్లో మేం రేకు డబ్బాలు చేసే దుకాణం పైన అద్దెకుండేవాళ్ళం. పొద్దున మొదలైన సుత్తి దెబ్బలు దీపాలు పెట్టేదాకా ఆగేవి కావు. నేను ఒకే పేరా నాలుగుసార్లు చదివేవాణ్ణి. మా ఆవిడ ఏం చెప్పాలన్నా కేకలు పెట్టేది. అవి విని కింద దుకాణంవాళ్ళు మేం రోజూ పోట్లాడుకుంటున్నామనుకునేవారు. ఎలాగైనా సద్దులేని చోట ఓ ఇల్లు కొనుక్కోవాలి, అంతే.

మామయ్యని వెంటబెట్టుకుని పదకొండు ఇళ్ళు చూశాం. అంటే మేం చూశాం, ఆయన పడుకున్నాడు. ఒకచోట ఇంటివాళ్ళ మంచమే ఖాళీ చేయించాడు. ఇంకోచోట లేపబోయిన బ్రోకర్ని "తొందరపెడుతున్నావంటే ఏదో దాస్తున్నావన్నమాట" అని దబాయించి అటు తిరిగి పడుకున్నాడు. ఆ బ్రోకరు మళ్ళీ మా ఛాయలకి రాలేదు.

పన్నెండో ఇల్లు ఓ సందు చివర. పోస్ట్‌మ్యాన్ సైకిలు చైను చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. మూడు గదులు, వెనక పెరడు, ముందు వరండా. వరండాలో ఇంటావిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మామయ్య దాని పక్కనే దిండు వేశాడు. మార్కెట్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకి మారిపోతున్నామని సంబరంగా చెబుతూ ఇంటాయన మమ్మల్ని లోపల తిప్పాడు. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, "పుస్తకాల బీరువా ఇక్కడ" అంది. అరవకుండా అంది. ఆవిడ గొంతు అంత మెత్తనిదని పెళ్ళైన ఆరేళ్ళకి ఆ రోజే తెలిసింది నాకు.

వరండాలోంచి మామయ్య గురక పెరటిదాకా వినిపిస్తూనే ఉంది. గంటకి లేచి, దిండు దులిపి, "కన్ను మూతపడలేదు. పనికిరాదు" అన్నాడు.

"అదేమిటి మామయ్యా! నీ గురకకి తలుపులు అదిరాయి."

"గురక వేరు, నిద్ర వేరు."

ఇంటాయన కంగారుపడ్డాడు. "ఏముందండీ ఇంట్లో?"

"ఏదో ఉంది బాబూ. ఇది ఇంకెవరికీ అచ్చిరాదు. మీరున్నంతకాలం మాత్రం దీనికి ఢోకా లేదు."

మా ఆవిడ సందు మలుపుదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నేను దారిపొడుగునా తిట్టాను, అవి రాయదగ్గ మాటలు కావు. కానీ అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. ఆయన మాట తీసెయ్యడం నా వల్ల కాలేదు. వారం తిరక్కుండా ఇంటాయన కూడా అమ్మకం మానుకున్నాడని తెలిసింది.

మరో ఏడు నెలలు సుత్తి మోత. ఆ తర్వాత ఆ సందులోనే ఎదురిల్లు అమ్ముతున్నారని కబురు తెచ్చింది మామయ్యే. ఒక గది తక్కువ. ఐదు నిమిషాలు పడుకుని, "తీసుకోరా" అన్నాడు. నలభై ఏళ్ళయింది, ఇది రాస్తున్నది ఈ ఇంటి కిటికీ పక్కనే.

చేరిన కొత్తలో మా ఆవిడ కర్టెన్లు కుట్టించడానికి ఎదురింటికి వెళ్ళొచ్చి, నా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు ఆవిడ మిషను ముందు కళ్ళు తుడుచుకుంటోందట. మూడో అంతస్తుకి బట్టలు పట్టుకుని ఎవరెక్కుతారు, పని పోతుందని. మొగుడికి చెబితే వినిపించుకోలేదట. మామయ్యగారు కళ్ళు తెరవకుండానే, రెండు గురకల మధ్య, 'అమ్మాయ్, ఇల్లమ్మడం నీకిష్టమేనా?' అని అడిగారట. 'లేదండీ' అందట. 'సరే' అని మళ్ళీ గురక అందుకున్నారట!"

మరుసటి ఆదివారం మామయ్య వచ్చి మా ముందుగదిలో నడుం వాల్చగానే నిలదీశాను.

"ఆ రోజు మెలకువగానే ఉన్నావటగా?"

"ఎవరన్నారు?"

"ఎదురింటావిడ."

"నిద్రలో ఏం వాగానో నాకెలా తెలుస్తుందిరా?" అని అటు తిరిగి గురక పెట్టాడు.

తలుపు దగ్గరగా వేసి, ఓ నిమిషం ఆగి, "మామయ్యా, కాఫీ తాగుతావా?" అన్నాను.

"పంచదార తక్కువ వెయ్యమను" అంది గురక.