గట్టు స్టేషన్‌లో ఆగని బండి

2022 వానాకాలంలో ఒక పెద్దమనిషి చెప్పుల డబ్బా పట్టుకొని నా షాపుకు వచ్చాడు. గద్వాల పాత బస్టాండు పక్క సందులో మిక్సీలు, ఛార్జర్లు, సెల్‌ఫోన్ బోర్డులు బాగుచేసే షాపు నాది. "చెప్పులు కుట్టే ఆయన మూల మీద కూసుంటడు" అన్నాను తలెత్తకుండానే. నా నోరు మొదటి నుంచీ అంతే, మా అమ్మ చెప్పి చెప్పి వదిలేసింది. ఆయన ఏమీ అనుకోలేదు. మూత తీసి, పాత బనియన్ గుడ్డలో చుట్టిన రెండు రైలింజన్లను కౌంటర్ మీద పెట్టాడు. ఒక్కొక్కటి జానెడుంటుంది. దగ్గరగా చూస్తే నిచ్చెన మెట్లు, కిటికీ ఊచలతో సహా అచ్చం ఇంజన్లే.

ఆయన పేరు రాములు. రైల్వేలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంటి మేడ మీద గదిలో చెక్కబల్ల వేసి, దాని మీద పట్టాలు పరిచి, ఈ చిన్న బండ్లు నడుపుకుంటున్నాడట. వాటిలో డీకోడర్లు పెట్టాలన్నాడు. అలాంటి పని నేను అంతకుముందు చేయలేదు. ఆ మాటే చెప్పాను. "సెల్‌ఫోన్ బోర్డు మీద చీమంత ముక్కలు అతికిస్తవ్, ఇది నీకెంత బిడ్డా" అన్నాడు. పొగిడితే పడిపోయే రకాన్ని, ఒప్పుకున్నాను.

డీకోడర్ అంటే వేలి గోరంత సర్క్యూట్ బోర్డు. పాత పద్ధతిలో పట్టాలకు ఎంత కరెంటు ఇస్తే ఇంజన్ అంత వేగంగా పోతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసే కదులుతాయి. అందుకని పట్టాలను సెక్షన్లుగా తెంపి, ఒక్కో సెక్షన్‌కు ఒక్కో స్విచ్ పెడతారు. స్విచ్ వేస్తేనే ఆ ముక్కలోకి బండి వస్తుంది. డీకోడర్ ఉంటే ఆ తిప్పలు లేవు. పట్టాలన్నిటిలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ప్రతి ఇంజన్‌కూ అడ్రస్ అని ఒక నంబరు ఉంటుంది. చేతిలోని కంట్రోలర్ నుంచి ఏ నంబరుకు ఏం చెబితే ఆ ఇంజన్ మాత్రమే వింటుంది.

"ఇప్పుడు ఉన్నదానికి ఏమైంది సార్? మంచిగనే నడుస్తున్నయ్ గద" అని అడిగాను.

ఆయన కాసేపు ఇంజన్‌ను గుడ్డతో తుడిచాడు. "మా ఖాజా భాయ్ ఉన్నడు. స్విచ్చులు ఆయనే చూస్తడు. ఈ మధ్య చేతులు వణుకుతున్నయ్. స్విచ్ సగం పడుతది, బండి నడుమ ఆగిపోతది. ఆగినప్పుడల్లా మాఫ్ చెయ్యి భాయ్, మాఫ్ చెయ్యి భాయ్ అంటడు. నాకు ఇనబుద్ధి అయితలేదు."

ఖాజా సాబ్ కూడా రైల్వే మనిషే, కేబిన్‌మ్యాన్. కేబిన్‌లో నిలబడి లీవర్లు లాగి సిగ్నల్ ఇచ్చే ఉద్యోగం. రాములు సార్ ఏళ్ల తరబడి ఆయనిచ్చిన సిగ్నల్ చూసి బండి నడిపాడు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదట. బండి ఆగదు, ఈయన దిగడు. రిటైరయ్యాకే దోస్తులయ్యారు. మేడ మీది బల్ల ఇద్దరూ కలిసి కట్టుకున్నదే. రైలు మొహం చూడని నాగర్‌కర్నూలుకూ, మా దిక్కు గట్టు ఊరికీ కూడా దాని మీద స్టేషన్లు పెట్టుకున్నారు.

నేను పట్టాలు చూడడానికి వెళ్లిన సాయంత్రం ఖాజా సాబ్ స్విచ్ బోర్డు ముందు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, పై గుండీ దాకా పెట్టుకొని, డ్యూటీకి వచ్చినట్టే ఉన్నాడు.

"గట్టు లైన్ ఇయ్యి భాయ్" అన్నాడు రాములు సార్.

"గట్టు ఖాళీ ఉంది. లైన్ ఇచ్చిన, రా" అన్నాడు ఖాజా సాబ్. అగ్గిపుల్ల ముక్కంత పిడి ఉన్న స్విచ్‌ను పట్టుకోబోతే వేళ్లు జారాయి. మళ్లీ పట్టుకొని వేశాడు. ఎర్ర బల్బు ఆరి పచ్చది వెలిగింది, బండి కదిలింది. అది గట్టు చేరేదాకా ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి.

దిగి వస్తూ మెట్ల మీద చెప్పాను. "డీకోడర్ పెడితే ఆ బోర్డుతోని పని లేదు సార్. తీసెయ్యాలె."

"బోర్డు తియ్యకు బిడ్డా. బల్బులు ఎప్పటి లెక్కనే వెలగనియ్. ఆయన చేతికి పని ఉండాలె గద."

"పని ఉండదు గద సార్."

"ఉన్నట్టు ఉంటది. ఆయన స్విచ్ చూసి నేనే నడుపుత, నేనే ఆపుత" అన్నాడు. ఆ మాట నాకు మంచితనంగానే తోచింది. ఇప్పటికీ రాములు సార్‌ది మంచితనమే అంటాను.

పని మాత్రం చెమటలు పట్టించింది. ముందు మోటారు ఎక్కడా ఇంజన్ ఇనుప చట్రానికి తగలకుండా విడదీయాలి. తగిలిందా, డీకోడర్ పొగే. ఎర్ర తీగ, నల్ల తీగ చక్రాల నుంచి కరెంటు తెస్తాయి. నారింజది, బూడిద రంగుది మోటారుకు పోతాయి. డీకోడర్ పట్టడానికి చట్రం కొంచెం అరగదీయాల్సి వచ్చింది. మగ్గం మీద తెగిన పోగులు అతికే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఓపిక చేతుల్లో ఉంది, నోట్లోనే లేదు. మేడ మీది సెక్షన్లన్నీ ఒకటిగా కలిపేశాను. బోర్డు స్విచ్చులకు బల్బులు మాత్రం మిగిలాయి. బండ్లు సాఫీగా నడిచాయి, ఆగి ఉన్నప్పుడు కూడా హెడ్‌లైట్ వెలిగింది, హారన్ మోగింది.

కొన్నాళ్లకు చాయ్ హోటల్ దగ్గర ఖాజా సాబ్ ఎదురయ్యాడు. "ఏం చేసినవో గని బిడ్డా, బండ్లు మంచిగైనయ్. నా చెయ్యి గూడ కుదిరింది. ఈ మధ్య ఒక్కసారి గూడ బండి నడుమ ఆగలే" అని చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. "మంచిది సాబ్" అని మాత్రం అన్నాను.

హారన్ మరీ గట్టిగా మోగుతోందని రాములు సార్ పిలిస్తే ఇంకోసారి వెళ్లాను. గట్టు స్టేషన్‌లో గూడ్స్ ఇంజన్ నిలబడి ఉంది. ఖాజా సాబ్ గట్టు స్విచ్ కిందికి వేసి, ఎర్ర బల్బు చూసుకొని, చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. రాములు సార్ రెండో బండిని నడిపిస్తూనే, కంట్రోలర్ నాకు చూపిస్తూ, హారన్ నొక్కుతూ మాటల్లో పడ్డాడు. ఇదివరకైతే బండి గట్టు ముందర కరెంటు లేక ఆగిపోయేది. ఇప్పుడు ఎర్ర బల్బు పక్క నుంచే పోయి గూడ్స్‌ను గుద్దింది. రెండు ఇంజన్లూ పక్కకు ఒరిగాయి.

ఖాజా సాబ్ స్విచ్ వైపు చూశాడు. కిందికే ఉంది.

"నేను లైన్ ఇయ్యలే" అన్నాడు. "రాములు భాయ్, నేను లైన్ ఇయ్యలే. బండి ఎట్ల పోయింది?"

ఖాజా సాబ్ లేచి, పడిన ఇంజన్‌ను పట్టాల మీద నిలబెట్టి, వచ్చి స్విచ్ పైకి వేశాడు, కిందికి వేశాడు. బల్బులు మారాయి. స్విచ్ కిందికి ఉన్నా ఇంజన్ హెడ్‌లైట్ మాత్రం ఆరలేదు, పట్టాలో కరెంటు ఉన్నట్టే. ఆయనకు అంతా అర్థమైపోయింది.

"సర్వీసంతా ఒక్క బండి నా ఎర్ర దీపం దాటి పోలే భాయ్" అన్నాడు మెల్లగా.

"నీకు తక్లీఫ్ అయితుందని చేసిన."

"తక్లీఫ్ అయితే మాఫ్ అడిగిన. పని వద్దని అన్ననా?" చెప్పులేసుకొని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు.

మరునాడే రాములు సార్ అదే డబ్బాతో వచ్చాడు. "తీసెయ్యి బిడ్డా. పాత లెక్కనే చెయ్యి." డీకోడర్లు తీసేశాను, సెక్షన్లు మళ్లీ విడదీశాను, స్విచ్చులకు నిజం కరెంటు ఇచ్చాను. ఖాజా సాబ్ మాత్రం రాలేదు. రాములు సార్ ఇంటికి పోయి పిలిస్తే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడట, నవ్వుతూనే మాట్లాడాడట, మేడ మెట్లు ఎక్కడానికి మాత్రం ఒప్పుకోలేదట.

చలికాలంలో ఖాజా సాబే నా షాపుకు టార్చిలైటు తెచ్చాడు. "బటన్ వేలికి దొరుకుతలేదు బిడ్డా" అన్నాడు. చిన్న బటన్ పీకేసి, పొడుగు పిడి ఉన్న స్విచ్ బిగించి ఇచ్చాను. చాయ్ తాగినంత సేపు కూడా పట్టని పని. ఆయన వేశాడు, ఆర్పాడు, మళ్లీ వేశాడు. ఒక్కసారి కూడా వేలు జారలేదు. "గిది మంచిగుంది" అన్నాడు.

ధైర్యం చేసి చెప్పాను. "సాబ్, డీకోడర్లు అన్నీ తీసేసిన. ఇప్పుడు బోర్డు నిజందే. మీరు లైన్ ఇయ్యకుంటే బండి పోదు."

"తెలుసు బిడ్డా, ఆయన చెప్పిండు. కాని ఇప్పుడు బండి ఆగితే, నేను ఆపితే ఆగిందో, నా మనసు కోసం ఆయనే ఆపిండో, నాకెట్ల తెలుస్తది?"

ఆయన టార్చి జేబులో పెట్టుకొని సందు మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చున్నాను. రాములు సార్ మొదటి రోజు నాకు చెప్పింది ఇంజన్ల బాధ కాదు, ఒక చేతి బాధ. ఆ బోర్డుకు కావలసింది పొడుగు పిడి స్విచ్చులు. అవి ఎన్నో ఏళ్లుగా నా షాపు వెనక అరలోనే పడి ఉన్నాయి.

ఇప్పుడు ఎవరు ఏ వస్తువు తెచ్చినా, విప్పకముందే దాన్ని వాడే మనిషి చెయ్యి చూపించమంటాను. జాతకం చెబుతావా అని నవ్వుతారు, నవ్వనీ. రాములు సార్ ఇప్పటికీ సాయంత్రాలు ఒక్కడే బండి నడుపుతున్నాడు. గట్టు స్విచ్ ఖాజా సాబ్ వేసినట్టే కిందికి ఉందట. ఈయన దాన్ని ముట్టుకోడట. బండి గట్టు ముందర దాకా పోయి ఆగుతుందట.