గొంతు కలపని మాటలు

యంత్రాల హోరులో బతికేవాళ్లు పెదవులతో మాట్లాడుకోవడం చాలాచోట్ల చూశాను. ఓడల ఇంజను గదుల్లో, పిండిమరల దగ్గర. ఒకచోట రాళ్లు పగలగొట్టే మర పక్కన ఇద్దరు అలాగే పోట్లాడుకున్నారు. బూతులు కూడా చప్పుడు లేకుండా తిట్టుకోవచ్చని అక్కడే తెలిసింది. సరే, అదలా ఉంచి మా కిందింటి అమ్మాయి దగ్గరికొస్తాను.

వాళ్లమ్మకు బట్టల మిల్లులో పగటి పని. నాన్నకు అక్కడే రాత్రి పని, పగలు నిద్ర. ఉన్నది ఒకటే గది. అమ్మకు సెలవైన రోజున, ఆయన లేచేదాకా తల్లీకూతుళ్లు గొంతు వాడరు. కూర మాడిందన్నా, కొళాయి వచ్చిందన్నా పెదవులే.

కాలేజీలో ఆ పిల్లను ‘మైకు’ అనేవారు, మాట బయటికి రాదు గనక. క్లాసు ముందు నిలబడి ఒక విషయం చెప్పాల్సిన రోజున నీళ్లు నమిలి కూర్చుంది. లెక్చరరు ఇంకో అవకాశమిచ్చాడు. ఈసారీ నోరు పెగలకపోతే ఆ పేపరు పోయినట్టే.

విషయం తనే ఎంచుకుంది: పనిచేసేచోట హోరు చెవినేం చేస్తుంది. అమ్మకు సెలవైనప్పుడల్లా ఆమెను స్టవ్వు పక్కన కూర్చోబెట్టి అప్పజెప్పేది, పెదవులతోనే.

“గోడకెందుకే చెప్తావ్? నన్ను చూడు,” అనేది తల్లి, తనూ పెదవులతోనే. “మిల్లులో ముందు కళ్లు పట్టుకుంటాం. తర్వాతే మాట.”

“క్లాసులో బోలెడు కళ్లుంటాయమ్మా.”

“ఒక్కో జతే పట్టుకో. ఎక్కడికీ పారిపోవులే.”

నాన్న కళ్లు తెరవకుండానే మంచం మీంచి గొణిగాడు. “మీరింత నిశ్శబ్దంగా ఉంటే నాకు నిద్రెలా పడుతుందే? ఏదో కుట్ర చేస్తున్నట్టుంది.”

ఆ రోజు వచ్చింది. ముందు బెంచీ కళ్లు పట్టుకుని మొదలుపెట్టింది, తడబడకుండా, చక్కగా. క్లాసు గొల్లుమంది.

“మైకు పోయిందిరోయ్!” వెనకనుంచి ఒకడు అరిచాడు.

అప్పుడర్థమైంది. ఇంట్లో చెప్పినట్టే చెబుతోంది. గొంతు కలపనేలేదు.

ముఖం కందగడ్డయింది. కాళ్లు బెంచీ వైపు లాగాయి. కానీ ఆ అరిచినవాడు నవ్వు ఆపి, ఆమె పెదవులకేసే వింతగా చూస్తున్నాడు. ఒక జత కళ్లు దొరికాయి. వాడికేసే చూస్తూ మొదట అన్న మాటే మళ్లీ పెదవులతో మెల్లగా పలికింది.

“అందరికీ... నమస్కారం? అదేనా?” అన్నాడు వాడు.

“అదే,” అంది, ఈసారి గొంతుతో. “మా అమ్మ పనిలో ఉన్నంతసేపూ ఇలాగే మాట్లాడుతుంది. ఎందుకంటే...”

ఇక ఆగలేదు. మధ్యలో ఇంకో వాక్యం పెదవులతో పలికి చదవమంది. “మామను కాస్త ఎత్తుకో” అని చదివాడు వాడు. తీరా ఆమె అన్నది “పాపను”. పెదవుల మీద పాపా మామా ఒకటే మరి! లెక్చరరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు.

సాయంత్రం మిల్లు గేటు దగ్గర అమ్మ రోడ్డుకు అవతల, కూతురు ఇవతల, మధ్యన లారీలు. ఏమైందన్నట్టు తల్లి చెయ్యి తిప్పింది. కూతురు పెదవులు కదిపింది.

అంతకంటే దూరం నుంచి చదవగల మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. వినబడలేదట, గట్టిగా చెప్పాలట.

“చెప్పేశానమ్మా!”

రోడ్డంతా తిరిగి చూసింది.